నిండని ట్యాంకు: ఇల్లు కట్టుకునేవారికి ఉచిత సలహాలు

ఇల్లు కట్టేవాడికి సలహాలిచ్చేవాళ్ళకు అనకాపల్లిలో ఎప్పుడూ కరువు లేదు. సింహద్వారం ఎటు పెట్టాలో ఒకరు చెబుతారు, టైల్సు ఎక్కడ చవకో ఇంకొకరు చెబుతారు, స్లాబు పోసే రోజు మబ్బు పడితే ఏం చేయాలో దారినపోయే దానయ్య కూడా ఆగి చెబుతాడు. దొడ్డివైపు తవ్వే గొయ్యి దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరూ ముక్కు మూసుకుని మేస్త్రీకి వదిలేస్తారు. లక్షలు పోసి కట్టిన ఇంట్లో పూజగది వాడనివాళ్ళుంటారు, డైనింగ్ టేబులు వాడనివాళ్ళుంటారు. దీన్ని వాడనివాళ్ళు లేరు. అయినా దాని గురించి మాట్లాడటం మర్యాద కాదట. ఆ మర్యాద నాకు కాస్త తక్కువ కాబట్టి ఈ సలహాలు రాస్తున్నాను. ఇందులో ఏదీ నా సొంత కల్పన కాదు. ఏ వీధిలో చూసినా వీటిని తు.చ. తప్పకుండా పాటిస్తున్నవాళ్ళు కనిపిస్తారు.

అన్నిటికన్నా ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. మంచి సెప్టిక్ ట్యాంకంటే నిండనిది. నలుగురు కూర్చున్నచోట "మాది కట్టి పద్దెనిమిదేళ్ళయింది, ఇంతవరకూ మూత తీస్తే ఒట్టు" అని ఎవరైనా అన్నారంటే మిగతా ముగ్గురూ ఆయన్ని ఎంత గౌరవంగా చూస్తారో గమనించండి. ఆ గౌరవం మీకూ దక్కాలంటే చాలా సులువైన దారి ఉంది. ట్యాంకుకు అడుగు వేయకండి.

"అడుగు ఏస్తే రెండు మూడేళ్ళకోపాలి ట్యాంకరోడ్ని పిలవాల బాబూ," అంటాడు మేస్త్రీ గోతిలోంచి తలెత్తి. "ఎయ్యకపోతే మీ మనవడి పెళ్ళిదాకా మూత తియ్యక్కర్లేదు. సిమెంటూ మిగుల్తాది."

అంతకన్నా ఏం కావాలి? నాలుగైదు సిమెంటు వరలు ఒకదానిమీద ఒకటి దించి, అడుగున నేలను అలాగే వదిలేసి, పైన బిళ్ళ మూసేస్తే సరి. బిల్లులో దీన్ని సెప్టిక్ ట్యాంకు అనే రాస్తారు. గొయ్యి అని రాస్తే మీకు బాగుండదు కదా.

పుస్తకాలు చదివిన ఇంజనీర్లు వేరే మాట చెబుతారు. వాళ్ళ లెక్కలో ట్యాంకు అడుగూ గోడలూ చుక్క ఇంకకుండా ఉండాలి. వాడకం మొదలైన కొద్దిరోజుల్లోనే నీరు బయటికి పోయే పైపు మట్టం దాకా వచ్చేస్తుంది. ఆ తర్వాత ఎప్పుడు చూసినా అంతే నిండుగా ఉంటుంది, లోపలికి ఒక చెంబు పోస్తే అటునుంచి ఒక చెంబు పోతుంది. బరువైనది అడుక్కి దిగి మడ్డి కడుతుంది, తేలికైనది పైకి తేలి తెట్టు కడుతుంది, మధ్యనున్న నీరు ముందుకు సాగుతుంది. చెరకు గానుగ దగ్గర నిలబడి, పెనంలో రసం మరుగుతుంటే పైకి లేచే తెట్టును చూసినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అడుగున మడ్డి, పైన తెట్టు కలిసి ట్యాంకులో మూడోవంతు దాకా వచ్చాక తోడించాలి. మామూలు వాడకంలో అది రెండు మూడేళ్ళ మాట. ఈ లెక్కన నిండకపోవడం గొప్ప కాదు, చిల్లు. పద్దెనిమిదేళ్ళాయన దగ్గర ఈ మాట అనకండి, నొచ్చుకుంటాడు.

నిజానికి ఈ గొప్ప మనతో మొదలైంది కాదు. ఫ్రాన్సులో లూయీ మురా అనే ఆయన 1860 ప్రాంతంలో ఇంటికి ఇలాంటి తొట్టి ఒకటి కట్టించుకున్నాడు. ఏళ్ళ తరబడి వాడి తెరిచి చూస్తే లోపల గట్టిదేమీ పెద్దగా కనబడలేదట. ఆ సంబరంలో 1881లో పేటెంటు కూడా తీసుకున్నాడు. ఆ తర్వాత 1890లలో ఇంగ్లండులోని ఎక్సెటర్ పట్టణంలో డొనాల్డ్ కామెరాన్ దానికి సెప్టిక్ ట్యాంకని పేరు పెట్టి ఊరికంతటికీ పనికొచ్చేలా చేశాడు. వాళ్ళ తొట్టెలకు అడుగుండేది. మనవాళ్ళు ఇంకో మెట్టు పైకెక్కి అదీ తీసేశారు.

ఇక చోటు. దీనికి ఇంజనీరును అడిగితే దూరాలు చెప్పి విసిగిస్తాడు. సిద్ధాంతిగారిని అడగండి, దిక్కులు చెబుతారు. బోరు ఈశాన్యంలో పడాలి. అందులో మన ప్రాంతంలో రెండో మాట లేదు. గొయ్యి ఈశాన్యంలో ససేమిరా కూడదు, నైరుతిలో అసలే కూడదు, వాయవ్యం వైపు శ్రేష్ఠం. చూడటానికి ఎంత ముచ్చటగా ఉందో! మన బోరుకూ మన గోతికీ మధ్య ఇంటి వెడల్పంతా ఎడం.

కానీ తూర్పున పక్కింటాయన ఉన్నాడు. ఆయనకూ అదే శాస్త్రం, చాలాసార్లు అదే సిద్ధాంతిగారు. ఆయన వాయవ్యం ఎక్కడొస్తుంది? సరిగ్గా మన ఈశాన్యం మూల గోడకు అవతల. మన వాయవ్యం పడమటింటివారి ఈశాన్యానికి ఆనుకుని ఉంటుంది. ఉత్తరం మొహమో దక్షిణం మొహమో పెట్టి వరసగా కట్టిన ఏ వీధిలోనైనా ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తూ లెక్కపెట్టండి: బోరు, గోడ, గొయ్యి, బోరు, గోడ, గొయ్యి. ప్రతి ఇంటివాడూ తన ఇంటివరకు శాస్త్రం తప్పలేదు. వీధి మొత్తంగా మాత్రం ఒకరి గొయ్యి ఒకరి బోరుకు గోడచాటు.

భారతీయ ప్రమాణాల్లో ఐఎస్ 2470 అని ఒకటుంది. సెప్టిక్ ట్యాంకు నీటిని నేలలోకి ఇంకించేచోటికీ తాగునీటి బావికీ మధ్య 18 మీటర్లు ఉండాలంటుంది అది. అంటే 59 అడుగులు. సెంటు స్థలమంటే 48 గజాల చిల్లర, చదరంగా కొలిస్తే పక్కకు 21 అడుగులు. ఆ లెక్కన సెంటు స్థలంలో ఇల్లు కట్టినవాడు బోరు మూడో ఇంట్లో వేసుకోవాలి. మూడో ఇంటాయన ఒప్పుకుంటే మంచిదే, అప్పుడు ఆయన గొయ్యి ఎక్కడుందో చూసుకోవాలి. అందుకే ఈ దూరాల గొడవ పెట్టుకోవద్దంటున్నాను. నీళ్ళు గ్లాసులో పట్టి వెలుతురుకు ఎత్తి చూడండి, తేటగా ఉంటే తాగండి. పచ్చకామెర్లు తెచ్చే వైరసుకూ టైఫాయిడు క్రిమికీ రంగు లేదు కాబట్టి మీ సంతోషానికి అడ్డు రావు. మరిగించి తాగుతున్నామని ధీమాగా ఉండేవాళ్ళకు ఇంకో కబురు: గోతుల్లోంచి దిగే నైట్రేటు మరిగించినా పోదు. తాగేనీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదన్నారు. మీ బోరు నీటిలో ఎంత ఉందో పరీక్ష చేయించకండి. తెలిస్తే బాధ.

ఇంకుడు గుంత తవ్వమంటారు కొందరు. ట్యాంకులోంచి బయటికొచ్చే నీరు కంటికి తేటగా కనబడినా అందులో క్రిములు దండిగా ఉంటాయనీ, దాన్ని కనీసం 90 సెంటీమీటర్ల వెడల్పు, పైపు మట్టానికి మీటరు లోతు ఉన్న గుంతలోకి పంపి నేలలో నెమ్మదిగా వడకట్టించాలనీ వాళ్ళ వాదన. ఇంత అవసరమా? ఇంటి ముందు వీధి కాలువ ఉందిగా. రాత్రిపూట ఒక నాలుగంగుళాల పైపు వేసి గోడకింద నుంచి కలిపేయండి. కాలువ మీద సిమెంటు బిళ్ళ వేసి దాని మీద స్కూటరు పెట్టేస్తే పైపు ఎవరికీ కనబడదు. అక్కణ్ణుంచి దాని దారి అది చూసుకుంటుంది. పల్లానికి పోయి గెడ్డలో కలుస్తుంది, గెడ్డ శారదలో కలుస్తుంది. తూర్పు కనుమల్లో పుట్టి అంత దూరం నడిచొచ్చిన శారద మీ ఇంటి సంగతి కూడా మోసుకుని కశింకోట మీదుగా రాంబిల్లి వైపు సముద్రానికి పోతుంది. కశింకోటలో మీ చుట్టాలుంటే పండక్కి పలకరించినప్పుడు ఈ విషయం ఎత్తకండి.

చెరకు మళ్ళు చదును చేసి వేసిన లేఅవుటులో స్థలం కొన్నారా? మరీ మంచిది. వానాకాలంలో అక్కడ నేలలో నీరు జానెడు లోతులోకి వచ్చేస్తుంది. ఇంకుడు గుంత నీటిని నేలలోకి పంపడం మానేసి, నేలలో నీటిని లోపలికి పిలుస్తుంది. బకెట్టుడు నీళ్ళు కొడితే బేసిను గుడగుడలాడి సగం వెనక్కి ఇస్తుంది. బేసినును ఇంకో అడుగు ఎత్తులో పెట్టించుకోండి, మెట్లెక్కి కూర్చోవడం మోకాళ్ళకు వ్యాయామం.

ట్యాంకు కొలతల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఐదుగురు ఉన్న ఇంటికి ఐదడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, మీటరు లోతు నీరు నిలిస్తే చాలంటుంది ఆ ఐఎస్ పుస్తకమే. పైన అడుగు ఖాళీ, ఏడాదికోసారి తోడించడం షరతు. 2000 లీటర్లు దాటితే మధ్యలో గోడ కట్టి రెండు అరలు చేయాలి, మొదటి అర పెద్దది. లోపలికొచ్చే చోటా బయటికిపోయే చోటా పైపుకు టీ బిగించాలి, లేకపోతే పైన తేలే తెట్టు నేరుగా ఇంకుడు గుంతలోకి పోయి దాన్ని పూడ్చేస్తుంది. ఆ రెండు టీల ఖరీదు ఒక పూట టిఫిను డబ్బులు. మిగిల్చేయండి. ఇంకుడు గుంత మళ్ళీ తవ్వించేటప్పుడు అక్కరకొస్తాయి.

రెండు గుంతల పద్ధతి అని సర్కారువారు పల్లెల్లో బాగా ప్రచారం చేశారు. మీటరు ఎడంతో రెండు గుంతలు తవ్వుతారు, మధ్యలో ఒక చిన్న గది, అందులోంచి రెండు వైపులకూ దారి. ఒక దారి మూసి ఒక గుంతే వాడతారు. మూడేళ్ళకు అది నిండితే దాన్ని మూసి రెండోదానికి మళ్ళిస్తారు. మూసిన గుంత రెండేళ్ళు అలా పడి ఉంటే లోపలిదంతా క్రిములు చచ్చి, వాసన పోయి, పొడి ఎరువవుతుంది. చవకే, సెప్టిక్ ట్యాంకు కన్నా. వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో 2017 ఫిబ్రవరిలో కేంద్ర పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా అలాంటి గుంతలోకి దిగి ఆ ఎరువును ఎత్తి చూపించారు. అది కాఫీపొడిలా ఉందో మట్టిలా ఉందో దగ్గర నిలబడి చూసినవాళ్ళు చెప్పాలి, మనకు ఫొటోలే దక్కాయి.

ఈ పద్ధతిని చెడగొట్టడం చాలా తేలిక. రెండు గుంతలనూ పైపుతో కలిపేయండి, ఒకటి నిండి రెండోదాంట్లోకి పొర్లేలాగ. కాంట్రాక్టరుకు ఇదే ఇష్టం, మధ్య గది కట్టే పని తప్పుతుంది. అప్పుడు రెండూ ఎప్పుడూ తడిగానే ఉంటాయి, ఏదీ ఎండదు, ఎరువు కాదు. మరీ పకడ్బందీగా ఉండాలంటే వరలకు కన్నాలు లేకుండా సిమెంటు మెత్తించండి. నీరు ఇంకాల్సిన గుంతకు సిమెంటు, ఇంకకూడని ట్యాంకుకు మట్టి అడుగు. ఇలా ఎక్కడిది అక్కడ పెట్టకుండా ఉంటేనే ఇల్లు ప్రత్యేకంగా ఉంటుంది.

బయో ట్యాంకులూ వచ్చాయి. గ్వాలియర్‌లోని రక్షణ ప్రయోగశాల సియాచిన్ మంచులో ఉండే సైనికుల కోసం తయారుచేసిన పద్ధతిది. ఇప్పుడు అనకాపల్లి స్టేషనులో ఆగే రైలుపెట్టెల కింద కూడా అలాంటి ఏర్పాటే ఉంది. లోపల అరలుంటాయి, ప్రత్యేకంగా పెంచిన సూక్ష్మజీవుల ద్రావణం పోస్తారు. మీరు అంత దూరం వెళ్ళక్కర్లేదు. ఆకుపచ్చ రంగేసి మీద బయో అని అంటించిన ఏ ప్లాస్టిక్ డ్రమ్మైనా కొనుక్కోండి. లోపల ఏముందో అడిగితే అమ్మేవాడు చిన్నబుచ్చుకుంటాడు.

కొత్త ట్యాంకు వాడకం మొదలుపెట్టేముందు అందులో ఒక బెల్లం దిమ్మ వేయాలని చెప్పేవాళ్ళున్నారు, పురుగు పుడుతుందట. బెల్లం మార్కెట్టు ఉన్న ఊరు మనది, రంగు తక్కువై ధర పలకని దిమ్మ దొరక్కపోదు. వేయండి. కావలసిన సూక్ష్మజీవులు మనిషి కడుపులోంచే రోజూ కోట్లకొద్దీ దిగుతాయి, బెల్లం లేకపోయినా అవి పనిచేస్తాయి. అందుకే దిమ్మ వేసిన వారం తిరక్కుండా వాటిని చంపే పని కూడా పెట్టుకోవాలి. బాత్రూము మెరవాలని సీసాడు యాసిడు, వాసన రాకూడదని ఫినాయిలు, ఆదివారం బ్లీచింగు. మర్నాడు మళ్ళీ బెల్లం. వంటింటి నూనె నీళ్ళూ బట్టలుతికిన సబ్బు నీళ్ళూ అందులోకే వదిలేస్తే ట్యాంకుకు తీరిక అనేది లేకుండా చేయొచ్చు.

గాలి గొట్టం అనవసరపు ఖర్చు. పెట్టక తప్పకపోతే పక్కింటి పడకగది కిటికీ ఎత్తుకు కోయించండి. ప్రమాణం ప్రకారం దగ్గర్లో ఇల్లుంటే ఆ ఇంటి కప్పుకు రెండు మీటర్ల పైదాకా లేపాలి. అంత పైపు కొనే డబ్బుతో గేటుకు ఇత్తడి పిడి వస్తుంది. గొట్టం మూతికి దోమతెర కట్టమని మలేరియా శాఖవాళ్ళు ఏటేటా చెబుతూనే ఉంటారు. నాలుగంగుళాల నైలాను గుడ్డ, ఒక తాడు, అంతే ఖర్చు. కట్టకండి. మురుగునీట్లో పెరిగే క్యూలెక్స్ దోమకు సెప్టిక్ ట్యాంకును మించిన పుట్టిల్లు లేదు, సాయంత్రమయ్యేసరికి గొట్టంలోంచి బారులు తీరి బయటికొస్తాయి. బోదకాలు మోసేది ఆ దోమే. ఉత్తరాంధ్రలో బోదకాలు చూడని ఊరుందా? తాతముత్తాతల నుంచీ వస్తున్నదాన్ని మన తరంలో వదులుకోవడం దేనికి.

మూత సంగతి. దాన్ని పార్కింగు టైల్సు కింద పూడ్చేయాలి. పదేళ్ళ తర్వాత ఒకరోజు ట్యాంకరువాడు గొట్టం భుజాన వేసుకొచ్చి "మూతెక్కడండీ" అంటాడు. ఇంటాయన మడమతో నేలను తడుతూ నడుస్తాడు. ఇదిగో ఇక్కడ డొల్లగా మోగుతోంది అంటాడు. ఇంటావిడ కాదు, తులసికోట కింద అంటుంది. కట్టిన రోజుల ఫొటోలకోసం ఫోను వెతుకుతారు. గృహప్రవేశంలో ఆవు ఫొటోలు పదకొండుంటాయి, గొయ్యి ఫొటో ఒక్కటీ ఉండదు. మేస్త్రీకి ఫోను చేస్తే ఆయన హైదరాబాదులో పనిమీద ఉంటాడు. చివరికి గునపంతో మొదటి టైలు, రెండో టైలు లేపుతారు. మూత మూడోదాని కింద ఉంటుంది. ఆ టైల్సు డిజైను కంపెనీ మానేసి ఉంటుంది.

ట్యాంకరు గొట్టం అడుగున గట్టిపడ్డ మడ్డిని లాగలేకపోతే ఎవరో ఒకరు అంటారు, ఒక మనిషిని లోపలికి దించితే పోలేదా అని. ఈ సలహాను కూడా ఇందులో చేర్చాలనే అనుకున్నాను, లెక్క కుదరలేదు. 2013 చట్టం ప్రకారం మనిషిని రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి దించడం నేరం. మొదటిసారికి రెండేళ్ళ దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. దించింది కాంట్రాక్టరైనా ఇంటి యజమానైనా ఒకటే. ఇలా చనిపోయినవాళ్ళ కుటుంబానికి 10 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. దించడానికి ఇంటాయన బేరమాడేది మాత్రం వందల్లో. లోపలుండే హైడ్రోజన్ సల్ఫైడు కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది, మోతాదు పెరిగితే ముక్కే మొద్దుబారి వాసన తెలియదు. "ఇప్పుడు కంపు తగ్గింది, దిగొచ్చు" అనేది ఆ నిమిషంలోనే. దిగినవాడు కూలబడితే తాడు పట్టుకున్నవాడు వాణ్ణి లేపడానికి దిగుతాడు. పేపర్లో ఈ వార్త చాలాసార్లు ఒక్కరితో ఆగదు.

తోడింది ట్యాంకరు ఎక్కడ పోస్తుందో అడగకండి. కరెంటు స్తంభం మీద అంటించిన నంబరుకు ఫోను చేశారు, వచ్చాడు, లాగాడు, డబ్బులిచ్చారు, అక్కడితో మీ పాత్ర అయిపోయింది. చీకటి పడ్డాక ఊరి బయట ఏ గెడ్డ గట్టునో, ఏ చెరకు తోట పక్కనో గొట్టం విప్పితే అది ఆయన వ్యాపారరహస్యం. వరంగల్ నగరపాలకులు 2016లోనే దీనికి నిబంధనలు రాసి, ట్యాంకర్లకు లైసెన్సులు పెట్టారు. తోడినదాన్ని శుద్ధి చేసే కేంద్రాలు వేరే ఊళ్ళలోనూ వచ్చాయి. "అక్కడికే తీసుకెళ్తున్నావా, రసీదేది" అని అడిగే అలవాటు మొదలైతే ట్యాంకరు అద్దె పెరుగుతుంది. అందుకే వద్దంటున్నాను.

ఇక తోడించే ముహూర్తం. ఖాళీగా ఉన్న రోజుల్లో చేయించడం శుద్ధ దండగ. కొత్త అమావాస్య దాకా ఆగండి. గవరపాలెం నూకాలమ్మ జాతరకు విశాఖ నుంచి ఆడపడుచు కుటుంబం, పాడేరు నుంచి బావమరిది, వాళ్ళతో వాళ్ళ స్నేహితులు, మొత్తం ఇరవైమంది దిగుతారు. ఐదుగురి లెక్కన కట్టిన ట్యాంకు సరిగ్గా ఆ పొద్దున, అందరూ స్నానాలకు వరసలో నిలబడ్డప్పుడు, వెనక్కి తంతుంది. స్తంభం మీది నంబరుకు ఫోను చేస్తే ఆ రోజు వాళ్ళు ఎత్తరు. వాళ్ళకూ జాతరే. ఎవరైనా ఏమైందని అడిగితే, కాలువ జామయ్యిందనీ ఎన్నిసార్లు చెప్పినా మున్సిపాలిటీవాళ్ళు రావట్లేదనీ చెప్పండి. బావమరిది వెంటనే అందుకుని పాడేరులో ఇంకా ఘోరమంటాడు, మధ్యాహ్నం భోజనాలదాకా మాటలకు లోటుండదు.